పేరు, మైదానం, జట్టు: తెలుగు నగరాలు కోల్పోయిన వృత్తి క్రీడా జట్ల పునరాగమనం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఒక నగరం పేరుతో ఆడే వృత్తి క్రీడా జట్టు ఆ నగరానికి దూరం కావడం, కొన్నేళ్లకు మరో రూపంలో తిరిగి రావడం ఆధునిక క్రీడాచరిత్రలో తరచుగా కనిపించే పరిణామం. కెనడాలో విన్నిపెగ్, క్విబెక్, హామిల్టన్ నగరాల ఐస్ హాకీ జట్ల చరిత్ర ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. తెలుగు నేలపై ఇదే పరిణామం హాకీ, క్రికెట్, ఫుట్‌బాల్ ఆటల్లో 2005–2025 మధ్య జరిగింది. హైదరాబాదు సుల్తాన్స్, దక్కన్ చార్జర్స్, హైదరాబాద్ ఎఫ్‌.సి. జట్ల నిష్క్రమణనూ, వాటి స్థానంలో వచ్చిన జట్లనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తిరిగి వచ్చినది నగరం పేరా, ఆటా అన్న ప్రశ్నను అనంతపురం పీఠభూమిలోని గార్లదిన్నె ప్రాంతాన్ని ఆధారం చేసుకొని చర్చిస్తుంది. జట్టు పునరాగమనానికి మైదానం, దిగువ స్థాయి ఆట, గ్రామం నుంచి జట్టు దాకా దారి అనే మూడూ అవసరమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: జట్టు, ఫ్రాంచైజీ, హాకీ, హైదరాబాదు, విన్నిపెగ్, అనంతపురం, గార్లదిన్నె, మైదానం.

1. ప్రవేశిక

హైదరాబాదు, బెంగళూరు నగరాలను కలిపే 44వ జాతీయ రహదారి మీద, గుత్తికీ అనంతపురానికీ నడుమ గార్లదిన్నె ఉంది. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే ఉన్న పీఠభూమి ఇది. వేరుశనగ సాగు, ఆ పంట పోయిన ఏడు పనులు వెతుక్కుంటూ సాగే వలస ఈ ప్రాంత సామాజిక చరిత్రలో విడదీయరాని భాగాలు. రహదారికి ఉత్తరాన ఉన్న మహానగరానికీ, దక్షిణాన ఉన్న మహానగరానికీ వృత్తి క్రీడా జట్లున్నాయి. నడుమ ఉన్న పీఠభూమి పేరుతో జాతీయ స్థాయి వృత్తి లీగుల్లో జట్టు లేదు.

అయినా జట్టును కోల్పోయిన అనుభవం ఈ ప్రాంతానిది కాదని అనలేము. 1956 నవంబరు 1 నుంచి 2014లో రాష్ట్ర విభజన జరిగే వరకు అనంతపురం జిల్లాకు రాజధాని హైదరాబాదే. ఆ కాలంలో హైదరాబాదు పేరుతో ఏ జట్టు ఆడినా అది గార్లదిన్నె పిల్లలకు తమ రాష్ట్ర రాజధాని జట్టు. 2014 జూన్ 2న ఆ నగరం మరో రాష్ట్రంలో భాగమైంది. ఉమ్మడి రాజధానిగా నిర్ణయించిన పదేళ్ల గడువు కూడా 2024 జూన్‌లో ముగిసింది. జట్టు కదలకుండా ఎల్లలు కదిలినప్పుడు కూడా ఒక ప్రాంతం తన జట్టును కోల్పోతుందని ఈ పరిణామం తెలియజేస్తుంది.

చర్చలోకి వెళ్లేముందు రెండు మాటల మధ్య భేదాన్ని గుర్తించాలి. తెలుగులో 'జట్టు' అనే మాటకు సమూహం అనే అర్థంతో పాటు స్నేహం, పొత్తు అనే అర్థాలు కూడా ఉన్నాయి. 'వాళ్లిద్దరూ జట్టు', 'నీతో జట్టు ఉండను' అనే పిల్లల మాటల్లో ఉన్నది స్నేహార్థమే. కోతలకు పోయే కూలి జట్టులో సమూహార్థంతో పాటు కష్టసుఖాల్లో కలిసి ఉండాలన్న ఒప్పందం ధ్వనిస్తుంది. 'ఫ్రాంచైజీ' అనేది వ్యాపార పదం. ఒక లీగు నిర్వాహకుల నుంచి నిర్ణీత రుసుముకు పొందిన హక్కు అని దాని అర్థం. ఫ్రాంచైజీని కొనవచ్చు, అమ్మవచ్చు, రద్దు చేయవచ్చు, మరో ఊరికి మార్చవచ్చు. జట్టును అలా మార్చడం సాధ్యమా అన్నదే ఈ వ్యాసంలో ప్రధాన ప్రశ్న.

2. కెనడా నగరాల అనుభవం

కెనడాలో హాకీ అంటే మంచుపై ఆడే ఐస్ హాకీ. ఉత్తర అమెరికాలో దీని అత్యున్నత వృత్తి పోటీ నేషనల్ హాకీ లీగ్. కెనడా, అమెరికా నగరాల జట్లు కలిసి ఆడే ఈ లీగు నుంచి 1990వ దశకంలో రెండు కెనడా నగరాలు తమ జట్లను కోల్పోయాయి. క్విబెక్ నార్డిక్స్ 1995లో డెన్వర్‌కు తరలి కొలరాడో అవలాంచ్ అయింది. ఆ మరుసటి ఏడాదే స్టాన్లీ కప్పును గెలుచుకొంది. విన్నిపెగ్ జెట్స్ 1996లో ఫీనిక్స్‌కు వెళ్లిపోయింది. ఆటగాళ్ల వేతనాలు అమెరికా డాలర్లలోనూ, జట్టు ఆదాయం బలహీనపడిన కెనడా డాలర్లలోనూ ఉండడం, పాత క్రీడాప్రాంగణాలు చాలినంత రాబడి ఇవ్వకపోవడం ఈ నిష్క్రమణలకు ప్రధాన కారణాలు. విన్నిపెగ్ పౌరులు 1995లో వీధుల్లోకి వచ్చి, విరాళాలు పోగుచేసి జట్టును నిలుపుకొనేందుకు ప్రయత్నించారు. ఆ ప్రయత్నం జట్టు వెళ్లిపోవడాన్ని ఒక ఏడాది వాయిదా వేయగలిగిందే తప్ప ఆపలేకపోయింది.

విన్నిపెగ్‌కు జట్టు 2011లో తిరిగి వచ్చింది. అయితే వచ్చింది పాత జట్టు కాదు. అట్లాంటా థ్రాషర్స్ అనే మరో జట్టును కొని అక్కడికి తరలించి, దానికి జెట్స్ అన్న పాత పేరు పెట్టారు. అందువల్ల లీగు అధికారిక లెక్కల్లో నేటి జెట్స్ పూర్వచరిత్ర అట్లాంటాది. 1996కు ముందు విన్నిపెగ్‌లో సాధించిన రికార్డులు పాత జట్టుతో పాటే ఫీనిక్స్‌కు వెళ్లాయి. అలా నగరం జ్ఞాపకానికీ, లీగు రికార్డుకూ మధ్య ఎడం ఏర్పడింది.

ఈ పునరాగమనం వెనుక రెండు అంశాలను గమనించాలి. మొదటిది, నడుమ ఉన్న పదిహేనేళ్లలో విన్నిపెగ్‌లో ఆట ఆగలేదు. మానిటోబా మూస్ అనే దిగువ స్థాయి వృత్తి జట్టు అక్కడ ఆడుతూనే ఉంది. రెండవది, నగరం నడిబొడ్డున 2004లోనే కొత్త క్రీడాప్రాంగణం సిద్ధమైంది. పెద్ద జట్టు లేని రోజుల్లోనూ ప్రేక్షకుడికి ఆటకు వెళ్లే అలవాటు, ఆ అలవాటుకు ఒక చోటు మిగిలి ఉన్నాయి.

క్విబెక్ అనుభవం దీనికి భిన్నమైనది. అక్కడ ప్రజాధనంతో నిర్మించిన విశాలమైన ప్రాంగణం 2015 సెప్టెంబరులో ప్రారంభమైంది. లీగు విస్తరణలో చోటు కోసం ఆ నగరం తరఫున దరఖాస్తు కూడా వెళ్లింది. 2016లో లీగు లాస్ వేగాస్‌ను ఎంచుకొని క్విబెక్ దరఖాస్తును పక్కన పెట్టింది. హామిల్టన్ నగరానిది ఇంకా పాత కథ. 1925లో ఆటగాళ్లు అదనపు వేతనం కోసం సమ్మె చేయడంతో హామిల్టన్ టైగర్స్ కథ ముగిసింది. ఆ ఆటగాళ్లతోనే న్యూయార్క్‌లో కొత్త జట్టు వెలిసింది. 2009లో ఫీనిక్స్ జట్టును కొని హామిల్టన్‌కు తేవాలని ఒక పారిశ్రామికవేత్త చేసిన ప్రయత్నాన్ని అమెరికా న్యాయస్థానం అంగీకరించలేదు. మైదానం ఉన్నంత మాత్రాన జట్టు రాదనీ, ధనం ఉన్నంత మాత్రానా రాదనీ ఈ రెండు నగరాలూ నిరూపించాయి.

3. హైదరాబాదు హాకీ: సుల్తాన్స్ నుంచి తూఫాన్స్ వరకు

భారతదేశంలో హాకీ అంటే నేలపై ఆడే ఆట. దాని స్వరూపాన్ని మార్చిన ఒక ఘటన కెనడాలోనే జరగడం గమనార్హం. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారిగా హాకీని కృత్రిమ తలంపై ఆడించారు. 1928 నుంచి 1972 వరకు ప్రతి ఒలింపిక్స్‌లోనూ పతకం సాధించిన భారత జట్టు ఆ పోటీల్లో ఏడవ స్థానానికి పడిపోయింది. అప్పటి నుంచి మట్టి మైదానంలో నేర్చిన ఆటకూ, అంతర్జాతీయ స్థాయి ఆటకూ మధ్య దూరం పెరుగుతూ వచ్చింది. కృత్రిమ తలం ఉన్న నగరమే హాకీ నగరమైంది.

హైదరాబాదుకు హాకీలో దీర్ఘ సంప్రదాయం ఉంది. 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లో భారత్ తరఫున ఆడిన ముకేశ్ కుమార్ ఈ నగరపు క్రీడాకారుడే. 2002 డిసెంబరులో జరిగిన జాతీయ క్రీడలు, 2003లో జరిగిన ఆఫ్రో–ఆసియా క్రీడలు గచ్చిబౌలిలో ఆధునిక క్రీడాసదుపాయాలకు కారణమయ్యాయి. ఆఫ్రో–ఆసియా క్రీడల పురుషుల హాకీ తుదిపోరులో భారత జట్టు హైదరాబాదులోనే పాకిస్తాన్‌ను ఓడించి స్వర్ణం గెలుచుకొంది.

ఈ నేపథ్యంలో 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ ప్రారంభమైంది. తొలి ఏడాది పోటీలకు గచ్చిబౌలి హాకీ మైదానం వేదిక. బెంగళూరు లయన్స్, చెన్నై వీరన్స్, మరాఠా వారియర్స్, షేర్–ఎ–జలంధర్ జట్లతో పాటు హైదరాబాదు సుల్తాన్స్ తొలి శ్రేణిలో ఆడింది. రెండు అర్ధభాగాలకు బదులు ఆటను నాలుగు భాగాలుగా విభజించడం ఆ లీగు ప్రయోగాల్లో ఒకటి. అంతర్జాతీయ హాకీ నాలుగు భాగాల పద్ధతిని 2014లో స్వీకరించింది. ఐ.పి.ఎల్. క్రికెట్ కంటే మూడేళ్ల ముందే నగరాల పేర్లతో జాతీయ లీగు నిర్వహించిన ఘనత హాకీది. ఆ తొలి విజేత హైదరాబాదు సుల్తాన్స్. తన పేరు గల నగరంలో, తన ప్రేక్షకుల ఎదుట ఆ జట్టు కప్పు గెలిచింది.

ఆ లీగు నాలుగు పోటీలతోనే ముగిసింది. 2008 మార్చిలో చిలీ రాజధాని శాంటియాగోలో జరిగిన అర్హత పోటీల్లో భారత జట్టు బ్రిటన్ చేతిలో ఓడి, బీజింగ్ ఒలింపిక్స్‌కు అర్హత కోల్పోయింది. పురుషుల హాకీ జట్టు ఒలింపిక్స్‌కు వెళ్లకపోవడం 1928 తర్వాత అదే మొదటిసారి. ఆ ఏప్రిల్‌లో భారత ఒలింపిక్ సంఘం నాటి భారత హాకీ సమాఖ్యను సస్పెండ్ చేసింది. సమాఖ్యతో పాటు దాని లీగూ కనుమరుగైంది. సుల్తాన్స్ జట్టును ఎవరూ మరో నగరానికి తరలించలేదు. దానిని నిలిపిన వ్యవస్థే కూలిపోయింది. విన్నిపెగ్‌లో జరిగినట్లు వీధుల్లో ఊరేగింపులు తీసేందుకు కూడా అవకాశం లేని నిష్క్రమణ ఇది. జట్టును తమకు ఉంచమని అడగడానికి ప్రేక్షకులకు ఎదురుగా యజమాని ఎవరూ లేరు.

తర్వాతి లీగుల్లో హైదరాబాదుకు చోటు దక్కలేదు. 2012లో జరిగిన వరల్డ్ సిరీస్ హాకీలో హైదరాబాదు జట్టు లేదు. 2013 నుంచి 2017 వరకు సాగిన హాకీ ఇండియా లీగ్‌లోనూ లేదు. ఆ లీగును 2024 డిసెంబరు 28న పునఃప్రారంభించినప్పుడు హైదరాబాదు తూఫాన్స్ పేరుతో నగరానికి మళ్లీ జట్టు వచ్చింది. తొలి ఏడాదే ఆ జట్టు తుదిపోరుకు చేరి, 2025 ఫిబ్రవరి 1న బెంగాల్ టైగర్స్ చేతిలో 3–4 గోల్స్ తేడాతో ఓడిపోయింది. విజయాల లెక్కలో ఇది మంచి పునరాగమనం.

అయితే ఆ పోటీలకు వేదికలు రూర్కెలా, రాంచీ నగరాలు. హైదరాబాదు పేరు గల జట్టు ఆ ఏడాది హైదరాబాదులో ఒక్క లీగు ఆట కూడా ఆడలేదు. 2005లో నగరమే వేదిక, నగరమే విజేత. 2025 నాటికి నగరం ఒక పేరుగా మాత్రమే పోటీలో ఉంది. ఒడిశా ప్రభుత్వం హాకీకి అందించిన ఆదరణ, అక్కడ నిర్మించిన మైదానాలు ఆటను తూర్పునకు తరలించాయి. అదే లీగులో విశాఖపట్నం తరఫున ఆడిన గోనాసిక జట్టు పేరు మరొక విశేషాన్ని చూపుతుంది. గోనాసిక ఒడిశాలోని కెందుఝర్ జిల్లాలో, వైతరణీ నది పుట్టిన చోటుగా ప్రసిద్ధమైన క్షేత్రం. మహిళల హాకీ లీగ్ తొలి పోటీల్లో తెలుగు నగరాల పేరుతో జట్టే లేదు.

4. క్రికెట్: చార్జర్స్ నిష్క్రమణ, సన్‌రైజర్స్ ఆగమనం

తెలుగు ప్రేక్షకులకు బాగా తెలిసిన ఉదాహరణ క్రికెట్‌లో ఉంది. 2008 జనవరిలో హైదరాబాదు ఫ్రాంచైజీ హక్కును దక్కన్ క్రానికల్ సంస్థ సుమారు 10 కోట్ల 70 లక్షల డాలర్లకు పొందింది. తొలి ఏడాది దక్కన్ చార్జర్స్ అట్టడుగున నిలిచింది. సార్వత్రిక ఎన్నికల కారణంగా 2009 పోటీలు దక్షిణాఫ్రికాకు తరలినప్పుడు, ఆడం గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో అదే జట్టు జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరును ఆరు పరుగుల తేడాతో ఓడించి విజేత అయింది. 2010లో తెలంగాణ ఉద్యమ వాతావరణం వల్ల హైదరాబాదులో జరగవలసిన ఆటలను ఇతర రాష్ట్రాల మైదానాలకు మార్చారు. కప్పు గెలిచిన జట్టును ఆ మరుసటి ఏడాది సొంత మైదానంలో చూసే అవకాశం నగరవాసులకు కలగలేదు.

ఆర్థిక ఇబ్బందుల నేపథ్యంలో 2012 సెప్టెంబరులో క్రికెట్ నియంత్రణ మండలి ఆ ఫ్రాంచైజీని రద్దు చేసింది. అక్టోబరులో సన్ టి.వి. నెట్‌వర్క్ ఏడాదికి 85.05 కోట్ల రూపాయలకు హైదరాబాదు హక్కును పొందింది. 2013లో సన్‌రైజర్స్ బరిలోకి దిగింది. 2016లో డేవిడ్ వార్నర్ నాయకత్వంలో కప్పు గెలిచింది. పాత సంస్థ చేసిన న్యాయపోరాటంలో 2020లో మధ్యవర్తి దానికి అనుకూలంగా సుమారు 4,800 కోట్ల రూపాయల పరిహారం ప్రకటించగా, 2021 జూన్‌లో బొంబాయి హైకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది.

నగరం ఒక్క పోటీకి కూడా దూరం కాకుండానే కొత్త జట్టు రావడం ఈ ఉదాహరణలోని ప్రత్యేకత. ఉప్పల్ మైదానం ఉంది, ప్రేక్షకులున్నారు, ప్రసార విపణి ఉంది. కనుక లీగు నిర్వాహకులకే హైదరాబాదు అవసరమైంది. అయితే 2009 విజయం సన్‌రైజర్స్ లెక్కలోకి రాదు. విన్నిపెగ్‌లో జరిగినట్లే ఇక్కడా రికార్డు ఫ్రాంచైజీది, జ్ఞాపకం మాత్రం నగరానిది. హైదరాబాదుకు రెండు కప్పులు వచ్చాయని అభిమాని లెక్కిస్తే, లీగు రికార్డులు వాటిని రెండు వేర్వేరు ఫ్రాంచైజీలకు చెరొకటిగా పంచుతాయి.

5. ఫుట్‌బాల్: పోలీసు జట్టు నుంచి ఢిల్లీ తరలింపు వరకు

ఫుట్‌బాల్‌లో హైదరాబాదు పొందినదీ, పోగొట్టుకొన్నదీ ఎక్కువే. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచింది. ఆ జట్టుకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ మార్గదర్శకత్వంలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానాన్ని, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాన్ని సాధించింది. రహీమ్ 1963లో మరణించారు. పోలీసు జట్టు నేటి అర్థంలో వృత్తి జట్టు కాదు. అది ఆటగాడికి ఉద్యోగాన్ని, నగరానికి జట్టును ఇచ్చిన ప్రభుత్వ వ్యవస్థ. ఉద్యోగం ఉన్న చోటే ఆటగాడు ఉన్నాడు, ఆటగాడు ఉన్న చోటే జట్టు ఉంది. అందుకే దానిని ఎవరూ మరో నగరానికి అమ్మలేకపోయారు.

దశాబ్దాల విరామం తర్వాత 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌.సి. ఏర్పడింది. మూతపడిన పుణె జట్టు స్థానంలో అది ఇండియన్ సూపర్ లీగ్‌లోకి ప్రవేశించింది. అంటే పుణె కోల్పోయినది హైదరాబాదుకు చేరింది. తొలి ఏడాది అట్టడుగున నిలిచిన ఆ జట్టు, మనోలో మార్కెజ్ శిక్షణలో 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీల్లో నెగ్గి విజేత అయింది. కోవిడ్ నిబంధనల వల్ల ఆ ఏడాది పోటీలన్నీ గోవాలోనే జరిగాయి. ఆ విజయాన్ని సొంత నగరం తెరపైనే చూసింది. రెండేళ్లు గడవకముందే ఆటగాళ్ల వేతన బకాయిలు సంక్షోభానికి దారితీశాయి. యాజమాన్యం మారింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకొంది.

ఈ మూడు ఆటలనూ కలిపి చూసినప్పుడు ఒక వాస్తవం స్పష్టమవుతుంది. 2009లో చార్జర్స్ గెలుపు దక్షిణాఫ్రికాలో, 2022లో హైదరాబాద్ ఎఫ్‌.సి. గెలుపు గోవాలో, 2025లో తూఫాన్స్ ద్వితీయ స్థానం రూర్కెలాలో నమోదయ్యాయి. ఎన్నికలు, మహమ్మారి, వేదికల కొరత అనే కారణాలు వేర్వేరు. ఫలితం మాత్రం ఒకటే. ఈ మూడు ఫ్రాంచైజీలూ తమ ఉత్తమ స్థాయిని చేరిన ఏడాది సొంత నగరంలో ఆడలేదు. సొంత మైదానంలో విజేతగా నిలిచిన సుల్తాన్స్ మూడేళ్లకే కనుమరుగైంది. నగరాల పేర్లను లీగులు వాడుకొన్నంతగా నగరాల మైదానాలను వాడుకోలేదు.

6. విశాఖపట్నం: మైదానం ఉంది, జట్టు లేదు

విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ పరిస్థితి క్విబెక్‌ను పోలినది. విశాఖపట్నంలో అంతర్జాతీయ క్రికెట్ మైదానం ఉంది. ఐ.పి.ఎల్.లో మాత్రం ఆంధ్రప్రదేశ్ పేరుతో జట్టు లేదు. 2015లో సన్‌రైజర్స్, 2016లో ముంబయి, పుణె జట్లు, 2024, 2025లలో ఢిల్లీ జట్టు తమ సొంతగడ్డ ఆటల్లో కొన్నింటిని అక్కడ ఆడాయి. మైదానం ప్రతిసారీ మరొకరికి తాత్కాలికంగా సొంతగడ్డ అయింది. ఫుట్‌బాల్‌లో 2020లో విశాఖపట్నం తరఫున ఐ–లీగ్ ప్రవేశం పొందిన శ్రీనిధి క్లబ్, బరిలోకి దిగే నాటికి శ్రీనిధి దక్కన్ పేరుతో హైదరాబాదు శివారుకు చేరింది. ఒక తెలుగు నగరం కోల్పోయినది మరో తెలుగు నగరానికి దక్కడం ఇక్కడి ప్రత్యేకత. కాని రాష్ట్రాల ఎల్లల దృష్ట్యా ఇది కూడా తరలింపే.

7. అనంతపురం పీఠభూమి: జట్టుకు ముందు ఉండవలసినది

రాయలసీమ నుంచి వృత్తి జట్లు లేకపోయినా క్రీడాకారులు లేకపోలేదు. భారత మహిళల హాకీ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిన ఎతిమరపు రజని ఉమ్మడి చిత్తూరు జిల్లా గ్రామీణ యువతి. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆధ్వర్యంలోని క్రీడాగ్రామంలో క్రికెట్, ఫుట్‌బాల్, టెన్నిస్ ఆటలతో పాటు హాకీలోనూ గ్రామీణ బాలబాలికలకు శిక్షణ లభిస్తోంది. రఫేల్ నాదల్ ఫౌండేషన్ సహకారంతో అక్కడ 2010లో టెన్నిస్ పాఠశాల ఏర్పడింది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ ఆటలకు ఆ ప్రాంగణంలోని మైదానమే వేదికైంది. మహానగరం కాని ఒక కరవు జిల్లా కేంద్రం జాతీయ స్థాయి క్రికెట్‌కు ఆతిథ్యం ఇవ్వగలగడానికి కారణం ఫ్రాంచైజీ కాదు. ఏళ్ల తరబడి నిర్వహించిన మైదానం, దాని చుట్టూ పెరిగిన శిక్షణ వ్యవస్థ.

హాకీకి మాత్రం ఈ పీఠభూమిలో ఒక ప్రత్యేక అవరోధం ఉంది. నేటి ఉన్నతస్థాయి హాకీలో వాడే కృత్రిమ తలాన్ని ఆటకు ముందు నీటితో తడపాలి. తడిసిన తలంపైనే బంతి వేగంగా, నిలకడగా సాగుతుంది. ఇందుకు ఒక్కొక్క ఆటకు వేల లీటర్ల నీరు కావాలి. తాగునీటికి ట్యాంకర్లపై ఆధారపడిన వేసవులు గడిపిన పల్లెల్లో ఇది సాంకేతిక విషయం కాదు, నైతిక ప్రశ్న. నీటి అవసరం లేని తలాల వైపు అంతర్జాతీయ హాకీ సమాఖ్య మొగ్గు చూపడం ఇటువంటి ప్రాంతాలకు ఆశాజనకమైన మార్పు. మాంట్రియల్‌లో మొదలైన కృత్రిమ తలం భారతీయ గ్రామీణ హాకీని వెనక్కి నెట్టిందని భావిస్తే, పొడి తలం ఆ దూరాన్ని కొంత తగ్గించగలదు.

గార్లదిన్నె మండలంలోనే ఉన్న పెనకచెర్ల జలాశయం ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. పెన్నానదిపై కట్టిన ఈ మధ్య పెన్నార్ జలాశయానికి ప్రధాన ఆధారం స్థానిక వర్షం కాదు, తుంగభద్ర ఎగువ కాలువ. కాలువలో నీరు పారిన ఏడే ఆయకట్టు పండుతుంది. కట్ట ఎంత గట్టిదైనా ఎగువ నుంచి నీరు రానిదే అది జలాశయం కాదని ఇక్కడి రైతుకు ఎవరూ చెప్పనవసరం లేదు. వృత్తి క్రీడా జట్టు కూడా అలాంటిదే. ఫ్రాంచైజీ హక్కు కట్ట వంటిది. పాఠశాల మైదానం, మండల స్థాయి పోటీ, జిల్లా జట్టు, శిక్షకుడి జీతం కలిసి కాలువ అవుతాయి. తెలుగు రాష్ట్రాల్లో ఇరవై ఏళ్లుగా కట్టలు చేతులు మారాయి. కాలువల తవ్వకంపై అంత శ్రద్ధ కనిపించదు.

దీనివల్ల నష్టపోతున్నది ఎవరన్న ప్రశ్న ముఖ్యమైనది. జట్టు తరలినప్పుడు యజమానికి న్యాయస్థానం ఉంది, ఆటగాడికి మరో ఒప్పందం దొరికే అవకాశం ఉంది. ఆ జట్టులో చోటు కోసం అయిదారేళ్లు మట్టి మైదానంలో సాధన చేసిన పదిహేనేళ్ల పిల్లకో పిల్లవాడికో ఏ ఒప్పందమూ లేదు. పంట పోయినప్పుడు బెంగళూరు బస్సెక్కే కుటుంబంతో పాటు ఆ సాధన కూడా ఆగిపోతుంది. జట్టును కోల్పోవడమంటే నగరవాసికి ఒక సాయంత్రపు వినోదం పోవడం. పీఠభూమి పిల్లలకు అది ఎక్కవలసిన మెట్టు పోవడం.

8. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు.

మొదటిది, తెలుగు నేలపై జట్లను కోల్పోయిన తీరు మూడు విధాలు. వ్యవస్థ కూలడం వల్ల సుల్తాన్స్, యాజమాన్య వైఫల్యం వల్ల చార్జర్స్, హైదరాబాద్ ఎఫ్‌.సి. దూరమయ్యాయి. ఎల్లల మార్పు వల్ల రాజధాని జట్లు రాయలసీమకు పరాయివయ్యాయి. మూడవ విధం కెనడా నగరాల చరిత్రలో కనిపించదు. అది తెలుగువారి రాజకీయ చరిత్రకు ప్రత్యేకమైనది.

రెండవది, పునరాగమనం అన్న మాటను జాగ్రత్తగా వాడాలి. విన్నిపెగ్‌కు పేరు, ఆట రెండూ తిరిగి వచ్చాయి. హైదరాబాదుకు క్రికెట్‌లో ఆట నిలిచింది, పేరు మారింది. హాకీలో నగరం పేరు తిరిగి వచ్చింది, ఆట ఇంకా రాలేదు. ఫుట్‌బాల్‌లో రెండూ పోయాయి.

మూడవది, మైదానాలు అధికభాగం ప్రజాధనంతో నిర్మితమైనవి కనుక, నగరం పేరు వాడుకొనే జట్టుకు కొన్ని బాధ్యతలు ఉండడం సమంజసం. ఏటా కొన్ని ఆటలైనా ఆ నగరంలో ఆడడం, జిల్లాల్లో శిక్షణ కేంద్రాలు నడపడం, జట్టు తరలినా ఆ కేంద్రాలు స్థానిక సంఘాలకు మిగిలేలా ఒప్పందం కుదుర్చుకోవడం వాటిలో ముఖ్యమైనవి. విన్నిపెగ్‌లో పదిహేనేళ్లు ఆటను నిలిపినది దిగువ స్థాయి జట్టే అన్న విషయం ఇక్కడ మార్గదర్శకం.

సుల్తాన్స్ గెలిచిన గచ్చిబౌలి మైదానంలో తూఫాన్స్ ఆడిన రోజున హైదరాబాదుకు హాకీ జట్టు తిరిగి వచ్చిందని చరిత్రకారులు రాయవచ్చు. ఆ జట్టులో గార్లదిన్నె వంటి ఊరి నుంచి వచ్చిన ఆటగాడు ఉన్న రోజున అది ఫ్రాంచైజీగా మాత్రమే మిగలదు. తెలుగులో ఆ మాటకున్న రెండు అర్థాల్లోనూ అది జట్టు అవుతుంది.